చలికాలం సకినాలు: పేలకుండా, గట్టిపడకుండా రావాలంటే

ప్రశ్న: నమస్తే అక్కా. మాది హన్మకొండ. ఇంట్ల ఇద్దరం నౌకరీకి పోయేటోళ్లమే, దొరికేది శనివారం, ఆదివారమే. పోయినేడు సంక్రాంతి ముందు సకినాలు చేద్దామని దుకాణంల బియ్యప్పిండి ప్యాకెట్ తెచ్చి తడిపిన. చలికి బట్ట మీద ఎంతకూ ఆరకపోతే ఫ్యాన్ పెట్టిన. నూనెలో వేస్తే సగం టపటపా పేలినయి, చేతి మీద నూనె పడ్డది. పేలనివి రాళ్ల లెక్క ఉన్నయి. ఈసారి మా పిల్లలు కూడా సుడతమంటున్నరు, పెద్దదానికి 12 ఏండ్లు, చిన్నోనికి 8. రెండు రోజులల్ల అయిపోయేటట్టు కొలతలతో చెప్పండి. హైదరాబాద్ హాస్టల్ల ఉన్న మా తమ్మునికి కూడా పంపాలె. పిండి మిగిలితే ఏం చెయ్యాలె?

జవాబు: పేలడానికి, గట్టిపడడానికి కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఒకటి పొడి పిండి, రెండోది ఫ్యాన్. బియ్యప్పిండి తీగను గుండ్రంగా చుట్టి నూనెలో వేయించే ఈ సకినం మొత్తం తడి లెక్క మీద నడిచే వంట. బియ్యం ఎంత తడి పీల్చింది, ముద్దలో ఎంత తడి ఉంది, బట్ట ఎంత తడి లాగింది, నూనెలో ఎంత పోయింది అన్నదే చూసుకోవాలి. తప్పు మూకుట్లో బయటపడుతుంది గానీ, అది జరిగేది అంతకు ముందే. చలిలో ఇవన్నీ నెమ్మదిగా నడుస్తాయి. అందుకే నేనిచ్చే సమయాలను అంచనాగానే తీసుకోండి, తేల్చుకోవాల్సింది మాత్రం చేత్తో పట్టి చూసి.

ముందు ఎంత చేయాలో చూద్దాం. మొదటిసారి సరిగ్గా చేయాలనుకునేవాళ్లకు కిలో బియ్యం చాలు. అరచేయంత సకినాలు యాభై అరవై దాకా వస్తాయి. రెండు కిలోలు, మూడు కిలోలు అనేవి వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు ఒక ఇంట్లో కూర్చుని చుట్టే లెక్కలు. ఇవాళ మీ ఇంట్లో, రేపు వాళ్లింట్లో అని వంతులు పెట్టుకునేది కూడా అందుకే. ఒక్కరే చుట్టుకుంటూ ఒక్కరే గోలిస్తే (నూనెలో వేయిస్తే) మొదట చుట్టినవి పగిలిపోతాయి, చివర చుట్టినవి తడిగానే ఉంటాయి. మీ అపార్టుమెంటులో చెయ్యి తిరిగిన పెద్దామె ఎవరైనా ఉంటే శనివారం మధ్యాహ్నం రెండు గంటలు కూర్చోమని అడగండి. పిండి సరిగ్గా తడిసిందో లేదో ఆమె వేలితో నొక్కి చెప్పేస్తుంది.

కిలో బియ్యానికి కావలసినవి: నువ్వులు 250 గ్రాములు, వాము 20 గ్రాములు, మెత్తని ఉప్పు 20 గ్రాములు (అంటే నాలుగు చిన్న చెంచాలకు కాస్త తక్కువ), మూకుట్లోకి లీటరున్నర నూనె. నువ్వులు పొట్టు తీసిన తెల్లవి తీసుకోండి. ప్యాకెట్ నువ్వులైనా సరే ఒకసారి గాలించండి. అడుగున మిగిలే ఇసుక చూస్తే ఎందుకు చెప్పానో తెలుస్తుంది. గాలించాక బట్ట మీద ఆరబెట్టి పచ్చివే కలపాలి, వేయించొద్దు. నువ్వులు తగ్గించి పొదుపు చేద్దామని కొందరు చూస్తారు. నువ్వుల బరువులో దాదాపు సగం నూనే ఉంటుంది, సకినాన్ని గుల్లగా చేసేది అదే. 150 గ్రాములకు దించితే తేడా పంటికి తెలుస్తుంది. వంటసోడా మాత్రం వేయొద్దు. సోడాతో గుల్లబారినట్టు కనిపిస్తుంది గానీ నూనె బాగా పీలుస్తుంది, నాలుగు రోజులకే నూనె వాసన వస్తుంది.

బియ్యం విషయంలో ఉప్పుడు బియ్యం తప్ప ఏ పచ్చి బియ్యమైనా పనికొస్తుంది. దొడ్డు రకమైతే ఖర్చు తక్కువ, రుచిలో లోటేమీ ఉండదు. వానాకాలం పంట ఇంటికొచ్చే రోజులు కాబట్టి ఊరి నుంచి కొత్త బియ్యం వస్తే ఇంకా మంచిది, వాటికి జిగురు ఎక్కువ, చుట్టేటప్పుడు తీగ తెగదు. కాకపోతే కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పడతాయి. పాత బియ్యంతో చేసేవాళ్ల కొలత చూసి పోస్తే ముద్ద జారిపోతుంది.

శుక్రవారం రాత్రి పడుకునే ముందు బియ్యం మూడుసార్లు కడిగి, పైన నాలుగు వేళ్ల మందం నీళ్లుండేలా నానబెట్టండి. ఎండాకాలం ఆరు గంటలు చాలు. ఇప్పుడు తెల్లవారేసరికి వరంగల్‌లోనే బిందెలో నీళ్లు చెయ్యి పెట్టలేనంత చల్లగా ఉంటున్నాయి, ఇక ఆదిలాబాద్ వైపు సంగతి చెప్పనక్కర్లేదు. చల్లటి నీళ్లలో బియ్యం నెమ్మదిగా నానుతుంది కాబట్టి 10 నుంచి 12 గంటలు ఉంచాలి. నానిందో లేదో చూడడానికి ఒక గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపండి. మధ్యలో పలుకు తగలకుండా పిండిగా నలిగితే అయినట్టు. పలుకు తగిలితే ఇంకో గంట ఉంచండి. అక్కడ తొందరపడితే పిండిలో రవ్వ మిగులుతుంది, ఆ రవ్వే తర్వాత పంటి కింద రాయి అవుతుంది.

శనివారం పొద్దున నీళ్లు ఒంపేసి, చిల్లుల గిన్నెలో అరగంట ఒడవనివ్వండి. తర్వాత నీడలో బట్ట మీద పల్చగా పరవండి. మంచు తగ్గి గాలి పొడిబారే దాకా, అంటే తొమ్మిది దాటే దాకా డాబా మీదికి పోవద్దు, ఇంట్లోనే పరవండి. గుప్పెడు బియ్యం పట్టుకుని నొక్కితే ఉండ కట్టాలి, కానీ చెయ్యి తెరిస్తే అరచేతికి నీళ్లు అంటకూడదు. ఆ స్థితిలో డబ్బాలో పోసి గిర్నీకి (పిండి మరకు) తీసుకెళ్లాలి. మరీ ఆరిపోతే మళ్లీ పొడి పిండే అవుతుంది, మీరు పోయినేడు పడిన తిప్పలే పడాలి. మరీ తడిగా ఉంటే గిర్నీలో రాళ్లకు అంటుకుపోయి ముద్దలుగా వస్తుంది, గిర్నీ అతను కూడా ఒప్పుకోడు.

గిర్నీ గురించి రెండు మాటలు. పండగ ముందు వారాల్లో శని, ఆదివారాలు వరుస చాలా పెద్దగా ఉంటుంది. తడి బియ్యం ఏ సమయంలో పడతాడో ముందు రోజే అడిగి పెట్టుకోండి. చాలామంది తడి పిండికి విడిగా ఒక వేళ పెట్టుకుంటారు. మీ కంటే ముందు కారమో పసుపో పట్టి ఉంటే, గుప్పెడు బియ్యం ముందుగా గిర్నీలో పోయించి ఆ పిండి పక్కన పెట్టించండి. పట్టించిన పిండి వేడిగా ఉంటుంది. మూత పెట్టి తెస్తే ఆవిరి చెమర్చి ఉండలు కడుతుంది, అందుకే డబ్బా మీద పల్చటి బట్ట కప్పి తీసుకురండి. ఇంటికి రాగానే జల్లెడ పట్టి, గిన్నెలో అదిమి, తడిపి పిండిన బట్ట కప్పండి. గిర్నీ దొరక్కపోతే మిక్సీలో సగం జారు చొప్పున పట్టి, జల్లించి, మిగిలిన రవ్వను మళ్లీ వేయాలి. కిలోకు గంట పట్టొచ్చు, మధ్యలో మిక్సీని చల్లారనివ్వాలి. అయినా ప్యాకెట్ పిండి కంటే ఇదే నయం. ప్యాకెట్ పిండి పొడిగా పట్టింది కాబట్టి గింజ లోపలికి నీళ్లు ఇంకి ఉండవు. పైపైన తడిసి, లోపల పొడి ముద్దలుగా మిగిలిపోతుంది.

ఇక తడపడం. పిండి, నువ్వులు, నలిపిన వాము పొడిగానే బాగా కలపండి. ఉప్పును మాత్రం నీళ్లలో కరిగించి వడకట్టి పోయాలి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు, అది చలికి చేతి వేళ్లు మొద్దుబారకుండా ఉండడానికే. మరిగే నీళ్లు పోస్తే పిండి ఉడికి బంక సాగుతుంది, గోలించాక గట్టిపడుతుంది. మొత్తం పిండిని ఒకేసారి తడపొద్దు, నాలుగు భాగాలు చేసి, ఒక భాగం చుట్టడం అయిపోయాకే ఇంకో భాగం తడపండి. కిలో బియ్యప్పిండికి అంతా కలిపి 400 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయనుకోండి, భాగానికి 100. అందులో 80 పోసి పిసకడం మొదలుపెట్టి, మిగిలింది చెంచాలతో చూసుకుంటూ పోయండి. ఉప్పు మొత్తం ఈ 400 లోనే కరిగించండి, పైన అవసరమయ్యే నీళ్లు ఉత్తవే చాలు.

ముద్ద చపాతీ పిండి కంటే మెత్తగా ఉండాలి, కానీ అరచేతిలో పెట్టుకుంటే జారకూడదు. అరచేతి మడమతో నొక్కి మడుస్తూ ఐదు నిమిషాలు గట్టిగా పిసకండి. లోపల చిక్కుకున్న గాలి అప్పుడే పోతుంది, ఉండలూ విడిపోతాయి. పది నిమిషాలు తడి బట్ట కప్పి ఉంచి, ఒక చుట్టు చుట్టి చూడండి. తీగ అంచులు చిట్లుతూ తెగిపోతుంటే వేళ్లు తడి చేసుకుని మళ్లీ పిసకాలి. బట్ట మీద పడగానే చదునైపోతే పొడి పిండి కలపాలి. చుట్టడం మొదలుపెట్టే ముందు మన ఇళ్లలో ముద్దతో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి బట్ట మూలన నిలుపుతారు. ఆ పని మీ చిన్నోనికి అప్పగించండి.

చుట్టేటప్పుడు నిమ్మకాయ కంటే కొంచెం పెద్ద ముద్దను వేళ్ల లోపల పట్టుకుని, బొటనవేలితో ముందుకు నెడుతూ చూపుడువేలు, మధ్యవేలుతో మెలి తిప్పాలి. తీగ పెన్సిల్ కంటే సన్నగా ఉండాలి. మెలి అందం కోసం మాత్రమే కాదు, ఆ గాళ్లలోకి నూనె వెళ్లి లోపలి దాకా ఒకేలా వేగుతుంది. మొదట చిన్న ఉంగరంలా చుట్టి, దాని చుట్టూ తగిలీ తగలనట్టు మూడు వరుసలు వేయండి. నాలుగైదు వరుసలు చెయ్యి తిరిగాక. చివర తీగను పక్క వరుసకు నొక్కి అతికించండి, లేకపోతే నూనెలో విడిపోతుంది. మీ పెద్దమ్మాయి గంటలో నేర్చుకుంటుంది. చిన్నోడు ఒకటి రెండు వరుసల చిన్న సకినాలు చుట్టనీ, కానీ వాటిని విడిగా ఉంచి విడిగానే గోలించండి. పెద్దవాటితో కలిపితే అవి మాడిపోతాయి.

పరిచే బట్ట పాత నూలు ధోతీ గానీ, నూలు చీర గానీ అయి ఉండాలి. గంజి పెట్టినది, సిల్కు కలిసినది వద్దు, ఉత్త నూలు బట్టంత బాగా తడి లాగవు. మన ఇళ్లలో గచ్చు, టైల్సు ఈ కాలంలో మంచులా చల్లగా ఉంటాయి. బట్టను నేరుగా దాని మీద పరిస్తే కింది తడి ఎటూ పోదు, అడుగు బంకగానే ఉంటుంది. కింద చాప వేసి, దాని మీద బట్టను రెండు మడతలుగా పరవండి. చలికాలం ఈ ఒక్క మార్పుతోనే చాలా తేడా వస్తుంది. ఎండలో పెట్టొద్దు, ఫ్యాన్ కింద అసలే పెట్టొద్దు. పోయినేడు జరిగింది అదే. గాలికి పై పొర గట్టిపడింది, లోపల తడి అలాగే ఉండిపోయింది. కాగిన నూనెలో పడగానే ఆ తడి ఆవిరైంది, బయటికి పోవడానికి దారి లేక పొరను పగలగొట్టుకుని ఎగిరింది. గది కిటికీ ఒకటి తెరిచి పెడితే సరిపోతుంది.

ఎంతసేపు ఆరాలి? ఎండాకాలం అరగంట. ఇప్పుడు ముప్పావు గంట నుంచి గంటన్నర దాకా. పైన వేలితో తాకితే అంటకూడదు, పల్చటి పళ్లెం అంచు కిందికి తోస్తే చుట్టు వంకర పోకుండా ఊడి రావాలి. తిప్పి చూస్తే అడుగున తడి మెరుపు ఉండొద్దు. తీగల మీద తెల్లటి సన్న పగుళ్లు కనిపిస్తున్నాయంటే ఆలస్యమైనట్టే, అవి వెంటనే మూకుట్లోకి పోవాలి. ఏవి ముందు చుట్టారో అవే ముందు గోలించాలి కాబట్టి బట్ట మీద ఒక మూల నుంచి వరుసగా చుట్టుకుంటూ రండి. ఇద్దరే ఉంటే మొదటి బట్ట నిండాక ఒకరు పొయ్యి దగ్గరికి, ఇంకొకరు రెండో బట్ట దగ్గరికి.

నూనెకు పల్లి నూనె మంచిది, పొద్దుతిరుగుడు నూనె కూడా పరవాలేదు. పామాయిల్ వద్దు, ఈ చలికి పేరుకుని సకినాల మీద తెల్లటి పొర కడుతుంది, నోట్లో జిడ్డుగా తగులుతుంది. వెడల్పాటి మూకుట్లో మూడు అంగుళాల లోతు నూనె పోసి బాగా కాగాక మంట మధ్యస్థంగా చేయండి. చిటికెడు పిండి వేస్తే అడుగుకు పోయి వెంటనే పైకి తేలాలి. తేలకుండా కింద కూర్చుంటే నూనె ఇంకా కాగలేదు, వేస్తే సకినం నూనె తాగుతుంది. పడగానే ఎర్రబడితే మరీ కాగింది, పేలే ప్రమాదం అప్పుడే.

మొదట ఒక్క సకినమే వేసి చూడండి. మూకుడుకు చెయ్యి చాచినంత దూరంలో నిలబడండి, పిల్లలను వంటగదిలోకి రానివ్వొద్దు. చేతిలో పెద్ద మూతను అడ్డంగా పట్టుకోండి, మూకుడు మీద మాత్రం మూత పెట్టొద్దు, చెమర్చిన నీళ్లు నూనెలో పడతాయి. ఆ ఒక్కటి పేలకుండా వేగితే అప్పుడు నాలుగైదు చొప్పున వేయండి. పేలితే మిగిలినవి బట్ట మీద ఇంకో పావుగంట ఉంచి, మంట కొంచెం తగ్గించి మళ్లీ ఒకటి వేసి చూడండి. వేసిన వెంటనే కదపొద్దు, అర నిమిషం తర్వాత గట్టిపడ్డాకే తిప్పాలి. బుడగలు దాదాపు ఆగిపోయి, చప్పుడు తగ్గిందంటే లోపలి తడి పోయినట్టు. అంతకు నాలుగైదు నిమిషాలు పడుతుంది. రంగు లేత బంగారంలో ఉండగానే తీసేయాలి. ఎర్రబడే దాకా ఉంచితే నువ్వులు చేదెక్కుతాయి. సన్నని పొడవాటి పుల్లను మధ్య చిల్లులో దూర్చి పైకి లేపితే నూనె అక్కడే కారిపోతుంది. తీసినవాటిని చిల్లుల పళ్లెంలో నిలువుగా ఆనించి పెట్టండి. రెండు మూడు వాయిలకోసారి అడుగున రాలిన నువ్వులను జల్లిగంటెతో తీసేయండి. అవి మాడితే నూనె మొత్తం చేదవుతుంది.

మంట బాగా తగ్గించి మెల్లగా వేయించినా గట్టిపడతాయి. ముద్ద బిగువుగా తడిపినా, తీగ లావుగా చుట్టినా అదే ఫలితం. మీ పోయినేటి రాళ్లకు మాత్రం పొడి పిండే అసలు కారణం అని నా నమ్మకం.

పంపేవాటి సంగతి. శనివారం గోలించినవి రాత్రంతా జల్లెడలోనో చాటలోనో పల్చటి బట్ట కింద ఉంచి, ఆదివారం పొద్దున డబ్బాకెత్తండి. వేడి మీద మూత పెడితే మెత్తబడతాయి. తడి లేని స్టీలు డబ్బాలో మూడు వారాలు, నెల దాకా కరకరలాడుతూ ఉంటాయి. హైదరాబాద్‌కు పంపాలంటే బిగుతు మూత ఉన్న గుండ్రటి డబ్బా తీసుకుని, అడుగున కాగితం నలిపి వేసి, సకినాలను పరుపుగా పేర్చకుండా నిలువుగా ఒకదాన్ని ఆనుకుని ఒకటి నిలబెట్టండి. పైన మిగిలిన ఖాళీ కూడా కాగితంతో నింపాలి. కదలకపోతే విరగవు. చిన్నోడు చుట్టిన చిన్న సకినాలు కూడా ఆ డబ్బాలో కొన్ని వేయండి, అవి సందుల్లో బాగా పడతాయి.

పిండి మిగిలితే ఫ్రిజ్‌లో బిగుతుగా మూసి ఆదివారం సాయంత్రం దాకా ఉంచొచ్చు, అంతకు మించితే పులుపెక్కుతుంది. దానితో సర్వపిండి చేసుకోండి, కొన్ని ఇళ్లలో గిన్నప్ప అన్నా ఇదే. రెండు కప్పుల పిండికి గంటసేపు నానిన శనగపప్పు గుప్పెడు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, ఒకటిన్నర చెంచా కారం, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లికాడలు వేయండి. నువ్వులు, వాము పిండిలోనే ఉన్నాయి. ఉప్పు మాత్రం పిండి తడిపినదా, పొడి మిశ్రమమా చూసుకుని వేయండి, తడిపిన దాంట్లో ఇప్పటికే ఉంటుంది. మందపాటి అడుగున్న గిన్నెకు నూనె రాసి, పొయ్యి మీద పెట్టకముందే ముద్దను లోపలి గోడల దాకా పల్చగా ఒత్తండి. వేలితో ఎనిమిది పది చిల్లులు చేసి, ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె వేసి, మూత పెట్టి సన్న మంట మీద పది పన్నెండు నిమిషాలు ఉంచండి. ఒక వైపే కాలుతుంది, తిప్పనక్కర్లేదు. రెండోది ఒత్తే ముందు గిన్నెను బోర్లించి అడుగున నీళ్లు పోసి చల్లార్చండి. వేడి గిన్నెలో ఒత్తితే వేళ్లు కాలతాయి, పిండి కూడా ఒత్తకముందే అంటుకుని ఎక్కడిదక్కడ ఎండిపోతుంది.